ఒడిశాలో కొరాపుట్, రాయగడ వైపు చిన్న గుహలు, పాత రాతి చోట్లు చూడాలంటే: సంచి సర్దడం నుంచి ఇల్లు చేరేదాకా

చలికాలం మొదలవగానే విజయనగరం, పార్వతీపురం వైపు చుట్టాల దగ్గర్నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "జయపురం వస్తున్నాం, గుప్తేశ్వర్ చూస్తాం, చుట్టుపక్కల ఇంకా చిన్న గుహలున్నాయటగా, ఎలా వెళ్లాలి?" అని. అయిదు నిమిషాల ఫోన్లో చెప్పే విషయం కాదిది, సగం చెప్పి సగం వదిలేస్తే ప్రమాదం కూడా. అందుకే వరసగా రాస్తున్నాను. స్థలపురాణాలు ఇక్కడ చెప్పను, అవి గుడి దగ్గర పూజారి నాకంటే బాగా చెబుతాడు.

ఒక్క మాట ముందే చెప్పాలి. గుహలంటే భయమంతా లోపలి చీకటి గురించే అనుకుంటారు. నేను చూసినంతలో ఇబ్బందులు ఎక్కువగా గుహ నోటి దగ్గరే వస్తాయి, అవి కూడా ఊళ్లో ఎవర్నీ అడగకుండా వెళ్లినవాళ్లకే వస్తాయి. కాబట్టి ఈ వ్యాసంలో సగానికి పైగా లోపలికి అడుగు పెట్టకముందు చేయాల్సిన పనులే.

1. వెళ్లేది ఏ రకం చోటో ముందు తేల్చుకోండి

మన వైపు చూడదగ్గవి మూడు రకాలు. మూడింటికీ జాగ్రత్తలు వేరు.

సున్నపురాయి గుహలు: జయపురం నుంచి బొయిపరిగుడ, రామగిరి మీదుగా సుమారు 60 కి.మీ. వెళ్తే శబరి నది ఒడ్డున గుప్తేశ్వర్ ఉంది. సరిహద్దుకి అవతల బొర్రా గుహలదీ ఇదే జాతి. నీళ్లు తొలిచిన గుహలు కాబట్టి ఎప్పుడూ తడిగా ఉంటాయి, కాలు జారుతుంది, వానొస్తే నీళ్లు తిరిగి తమ దారిలోకే వస్తాయి.

బండల సందులు: రాయగడ, గజపతి, గంజాం వైపు కొండల మీద పెద్ద పెద్ద గండశిలలు ఒకదాని మీద ఒకటి పడి, కింద గదిలాంటి చోటు ఏర్పడుతుంది. చాలామంది గుహ అని చెప్పేది దీన్నే. పొడిగా ఉంటుంది, లోతు తక్కువ, చూడ్డానికి తేలిక అనిపిస్తుంది. ఎలుగుబంటి, పాము, తేనెటీగలకి కూడా ఇదే ఇష్టమైన చోటు.

శాసనాలు, పాత కట్టడాలు: బరంపురం నుంచి సుమారు 35 కి.మీ. దూరంలో, పురుషోత్తంపూర్ దగ్గర జౌగడలో అశోకుడి శాసనాలున్న బండ ఉంది. గజపతి జిల్లాలో 1501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి మీద భీముడి పేరుతో, కుంతి పేరుతో రాతి గుళ్లున్నాయి. కొరాపుట్ జిల్లా సుబాయిలో జైన విగ్రహాలున్నాయి. వీటి దగ్గర ప్రమాదం మనకి కాదు, మన వల్ల వాటికి.

ఇదివరకు గుహలో ఎప్పుడూ దిగనివాళ్లు నేరుగా ఊరి చివర చిన్న గుహలోకి వెళ్లొద్దు. మొదట బొర్రా చూడండి. అక్కడ దీపాలు, మెట్లు, సిబ్బంది ఉంటారు కాబట్టి చీకట్లో, ఇరుకులో మీ ఒంటికి ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. ఊపిరి ఆడనట్టు, గుండె దడగా అనిపించేవాళ్లు నలుగురిలో ఒకరైనా ఉంటారు. అది అక్కడ తెలియడమే మేలు. ఆ తర్వాత గుప్తేశ్వర్, ఆ తర్వాతే ఊరివాళ్లు తోడుగా చిన్న గుహలు.

2. ఏ నెలలో, ఏ వేళలో

నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జూన్ నుంచి అక్టోబర్ దాకా సున్నపురాయి గుహ లోపలి భాగాల్లోకి వెళ్లనే వద్దు. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా సరే, ఎగువ కొండ మీద గంటసేపు వాన పడితే గెడ్డ పొంగి గుహలోకి వస్తుంది, ఆ సంగతి లోపలున్నవాళ్లకి నీళ్లు కాళ్లకి తగిలేదాకా తెలియదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలతాయి. వాటి కోసం ఎలుగుబంట్లు ఊళ్ల దగ్గరిదాకా వస్తాయి. ఆ రోజుల్లో తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ బండల వైపు పోవద్దు.

గుహ దగ్గరికి ఉదయం 9కల్లా చేరాలి, మధ్యాహ్నం 3కల్లా బయటికి రావాలి. డిసెంబర్లో మా వైపు సాయంత్రం అయిదున్నరకే చీకటి పడిపోతుంది. తిరుగుదారి అడవిలోంచే కదా.

శివరాత్రికి, శ్రావణ సోమవారాలకి గుప్తేశ్వర్ జనంతో కిక్కిరిసి ఉంటుంది. దర్శనానికైతే వెళ్లండి, గుహ నింపాదిగా చూడాలంటే మామూలు రోజు చూసుకోండి.

3. ఊరి మాట: దీన్ని మాత్రం దాటేయొద్దు

నాలుగేళ్ల క్రితం గుణుపురం దాటాక ఒక బండల కొండకి నేనూ, మా బావమరిదీ, ఇంకో ఇద్దరూ వెళ్లాం. ఊళ్లో ఆగలేదు, ఫోన్లో మ్యాప్ చూపిస్తోంది కదా అనుకున్నాం. సందు చక్కగా కనిపిస్తోంది, మనిషి వంగితే పట్టేంత. మా బావమరిది టార్చి నోట్లో పెట్టుకుని రెండు చేతులూ నేల మీద ఆనించి లోపలికి దూరబోతున్నాడు. కింద మేకలు కాస్తున్న ముసలమ్మ అరుపు వినిపించింది: "భాలు అఛి! భాలు అఛి!" ఎలుగుబంటి ఉంది అని. వెనక్కి లాగాక నేల చూశాం. సందు ముందు మట్టిలో, సరిగ్గా అతని అరచేతి ముద్ర పక్కనే, గోళ్ల గీతలు. పక్కనే రేగిగింజలతో నిండిన పెంట, ఇంకా తడి ఆరలేదు. అవన్నీ మేం తొక్కుకుంటూ వెళ్లినవే, చూడలేదంతే. ఆ అమ్మ మేకల్ని పక్కకి తోలుకుపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను.

ఆ రోజు నుంచి నా పద్ధతి ఇది. గుహ కంటే ముందు ఊరు. బండి ఊరి చివర ఆపి, నడిచి లోపలికి వెళ్లండి. ఊరిపెద్దని నాయక్ అంటారు, దేవత పనులు చూసేవాణ్ణి జానీ అనో దిశారి అనో అంటారు. వాళ్లలో ఒకర్ని కలవండి. చాలా ఊళ్లలో దేశియా మాట్లాడతారు, ఒడియా తెలిస్తే సరిపోతుంది, సరిహద్దు దగ్గర ఊళ్లలో తెలుగు వచ్చినవాళ్లు సంతలో ఎలాగూ దొరుకుతారు. వాళ్లని తోడు తెచ్చుకోండి.

అడగాల్సినవి:

- ఆ గుహలో దేవత ఉందా? ఎవరు వెళ్లొచ్చు, ఎక్కడిదాకా వెళ్లొచ్చు, చెప్పులు ఎక్కడ విడవాలి?
- ఈ నెలలో భాలు కనిపించిందా? తేనెపట్టు ఎక్కడుంది?
- వాన పడితే నీళ్లు ఏ వైపు నుంచి వస్తాయి?
- లోపలిదాకా వెళ్లివచ్చినవాళ్లు ఊళ్లో ఎవరు? వాళ్లు మాతో వస్తారా?
- ఫోటోలు తీయొచ్చా?

ఇక్కడ కొండంటే చాలామందికి దేవుడు తిరిగే చోటు కాదు, కొండే దేవుడు. నియమగిరి కొండ విషయంలో 2013లో గ్రామసభలు గని తవ్వకానికి ఒప్పుకోలేదంటే కారణం అదే. కాబట్టి వద్దంటే వద్దనే. డబ్బులిస్తామని బేరం పెట్టొద్దు, ఒక్క అయిదు నిమిషాలని బతిమాలొద్దు. నమస్కారం పెట్టి వచ్చేయండి.

తోడు వచ్చే మనిషికి రోజు కూలి ఎంతో ముందే మాట్లాడుకోండి, ఆ రోజుకి అతను పొలం పని మానుకుని వస్తాడు కాబట్టి కూలికి పైన కొంత కలిపి ఇవ్వడం న్యాయం. మీతో పాటు తిండి అతనికీ తీసుకెళ్లండి. అతను ముందు నడవాలి, మీరు వెనక. అతను ఆగితే మీరూ ఆగాలి.

రిజర్వు అడవి దాటాల్సి వస్తే దగ్గర్లోని ఫారెస్టు రేంజి ఆఫీసులో అనుమతి తీసుకోండి. గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి, దారిలో ఎక్కడైనా ఆపి అడగొచ్చు.

4. ఎంతమంది, ఎవరికి చెప్పి

నలుగురికి తగ్గకండి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన ఉండాలి, ఇద్దరు కలిసి సాయానికి పోవాలి, లెక్క అది. ఆరుగురు దాటితే చిన్న గుహలో గుంపు అవుతుంది, రెండు జట్లుగా వెళ్లండి.

ఇంట్లో ఒకరికి వాట్సాప్‌లో ఈ వివరాలు పంపాలి: ఊరి పేరు, గుహ ఏ వైపు, బండి నంబరు, తోడు వచ్చే మనిషి ఫోను, బయటికొచ్చే టైము. అన్నిటికంటే ముఖ్యం, "ఇన్ని గంటలకల్లా ఫోన్ రాకపోతే 112కి చెయ్యి" అని ఒక టైము కచ్చితంగా చెప్పండి. "సాయంత్రానికి వచ్చేస్తాం" అంటే ఇంట్లోవాళ్లు రాత్రి పదిదాకా టెన్షన్ పడుతూ కూర్చుంటారు కానీ ఎవరికీ ఫోన్ చేయరు. అడవిలో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, కాబట్టి ఆఖరి సిగ్నల్ దొరికినచోటే ఈ మెసేజ్ వెళ్లిందో లేదో చూసుకోండి.

5. సంచి

- మనిషికి మూడు దీపాలు: తలకి కట్టుకునే టార్చి, చేతి టార్చి, జేబులో చిన్నది. ఫోన్ టార్చిని లెక్కలో వేయొద్దు. విడి బ్యాటరీలు
- హెల్మెట్. బైక్‌ది బరువు, మెడ తిరగదు. ఇల్లు కట్టే పనివాళ్లు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ గడ్డం పట్టీతో సహా హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, అది చాలు
- చీలమండ కప్పే, అడుగు గట్టిగా పట్టే బూట్లు
- పొడుగు చేతుల చొక్కా, మందమైన ప్యాంటు, చేతి తొడుగులు
- ఎన్95 మాస్కు
- మనిషికి 2 లీటర్ల నీళ్లు, అటుకులో వేరుశనగ చిక్కీయో
- ఈల, గట్టి కర్ర, పొడి బట్టలు ఒక జత
- కట్టు గుడ్డ, యాంటిసెప్టిక్, ఓఆర్‌ఎస్ పొట్లాలు
- దోమల మందు

సెంటు, వాసన నూనె, పూలు వద్దు. తేనెటీగల్ని వాసన రెచ్చగొడుతుంది. తాడు మీద దిగడం నేర్చుకోనివాళ్లు తాడు తేవద్దు, ఎందుకంటే చేతిలో తాడుంటే నిలువు గొయ్యిలోకి దిగాలనిపిస్తుంది. నిలువు గోతుల్లోకి దిగడం వేరే విద్య.

6. గుహ నోటి దగ్గర పావుగంట

చేరగానే లోపలికి దూరకండి. ఇరవై అడుగుల దూరంలో నిలబడి, మాట్లాడుకోకుండా, ఈ వరసలో చూడండి.

ముందు పైకి చూడండి. బండ చూరు కింద అరచందమామలా వేలాడే నల్లటి పట్టు ఉందా? కొండ తేనెటీగలవి అవే. పట్టు మీద ఈగలన్నీ ఒకేసారి కదిలి అలలాగా మెరుపు పాకిందంటే మిమ్మల్ని చూశాయని అర్థం. చప్పుడు చేయకుండా వెనక్కి నడవండి, ఆ గుహ ఆ రోజుకి లేదనుకోండి. పొగ పెట్టొద్దు, రాయి విసరొద్దు. మీద పడితే మొహం గుడ్డతో కప్పుకుని, ఎంత దూరమైనా సరే పరుగెత్తాలి. నీళ్లలోకి దూకితే పైన తిరుగుతూ కాచుకుంటాయి. దూరం వచ్చాక ముళ్లని గోరుతో గీకి వెంటనే తీసేయండి. చాలా కుడితే, లేదా మొహం వాచి ఆయాసం వస్తే, 108కి చేయండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తర్వాత నేల. గోళ్ల గీతలు, గింజలున్న పెంట, తవ్వేసిన చెదపుట్టలు, నల్లటి పొడుగు వెంట్రుకలు, జంతువు కంపు. ఒక్కటి కనిపించినా వెనక్కే.

తర్వాత గోడలు. గోడకి ఎంత ఎత్తులో మట్టి గీత, ఇరుక్కున్న ఎండుటాకులు, పుల్లలు ఉన్నాయో చూడండి. నీళ్లు అంతదాకా వచ్చాయని లెక్క. ఆ గీత మీ తల కంటే పైనుంటే, ఆకాశంలో మబ్బుంటే, వెళ్లొద్దు.

ఆఖరికి కర్ర. అడుగు వేసే ముందు కర్రతో తట్టండి. కళ్లకి కనిపించని అంచు మీద చెయ్యి వేయొద్దు, చల్లటి రాతి చీలికల్లో పాములుంటాయి.

7. లోపల

ముందు ఊరి మనిషి, చివర మీలో అనుభవమున్నవాళ్లు. టార్చిలు బయటే వెలిగించి నడవాలి, రెండు నిమిషాలు ఆగి కళ్లు అలవాటు పడ్డాక కదలాలి.

ఎప్పుడూ మూడు ఆనుకుని ఉండాలి: రెండు కాళ్లు ఒక చెయ్యి, లేదా రెండు చేతులు ఒక కాలు. తడి రాయి మీద నిలబడి దిగేకంటే కూర్చుని జారడం మంచిది, బట్టలు పాడైతే ఉతుక్కోవచ్చు.

దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి చూడండి. వెళ్లేటప్పుడు కనిపించిన గుహ, వచ్చేటప్పుడు కనిపించే గుహ ఒకలా ఉండవు. వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకుంటే చాలు. గోడ మీద సుద్దతో బాణం గుర్తులు వేయొద్దు.

గబ్బిలాల మీదికి వెలుగు నేరుగా కొట్టొద్దు, ఫ్లాష్ వద్దు. వాటి ఎండు రెట్ట దుమ్ములో ఊపిరితిత్తులకి జబ్బు తెచ్చే బూజు పెరగొచ్చు, అందుకే మాస్కు. రెట్టని కాళ్లతో లేపకుండా మెల్లగా నడవండి. గబ్బిలం కరిచినా, గీరినా సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు డాక్టరుకి చూపించాలి.

గాలి గురించి. లోతుగా, దిగువకి వెళ్లే గుహల్లో బొగ్గుపులుసు గాలి నిలుస్తుంది. తలనొప్పి, ఊరికే ఆయాసం, మత్తుగా ఉండటం, వీటిలో ఏదొచ్చినా ఆ క్షణమే అందరూ బయటికి. అగ్గిపుల్ల వెలిగించి చూస్తే చాలని కొందరంటారు. పుల్ల వెలిగినంత మాత్రాన గాలి బాగున్నట్టు కాదు, మీ ఊపిరే చెబుతుంది.

పైనుంచి వేలాడే సున్నపు ఊడల్ని ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటితే నీటిచుక్క ఆ రాతి మీద పేరుకోవడం ఆగిపోతుంది. ఒక్క అంగుళం పెరగడానికి వందల ఏళ్లు పడుతుంది, విరగ్గొట్టడానికి ఒక క్షణం చాలు, అలా విరిగిన మొండేలు చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

దేవుడున్న గుహలో చెప్పులు విడవాలి, తడి రాతి మీద పాదాలు జారతాయి. నూలు మేజోళ్లకి ఒప్పుకుంటారేమో పూజారిని అడగండి. ఒప్పుకోకపోతే గోడవైపు నడుస్తూ, అడుగు మొత్తం ఆనించి వెళ్లండి. నూనె, పాలు ఒలికిన చోట మరీ జాగ్రత్త.

8. శాసనం ముందు నిలబడినప్పుడు

జౌగడ వెళ్లి "ఏం కనిపించలేదండీ" అని తిరిగొచ్చేవాళ్లు చాలామంది. అక్షరాలు లోతు తక్కువ, నడినెత్తిన ఎండ పడితే రాయంతా ఒకే రంగులో ఉంటుంది. ఉదయం ఎనిమిదిలోపో, సాయంత్రం నాలుగు దాటాకో వెళ్లండి. టార్చిని రాతికి ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు రాతిని రాసుకుంటూ పోయేలా పట్టండి. గీతల్లో నీడ పడి అక్షరాలు లేస్తాయి.

వెతకడానికి సులువైనవి: కూడిక గుర్తులా ఉంటే "క", తలకిందులైన ఇంగ్లిషు వీలా ఉంటే "గ", తలకిందులైన ఇంగ్లిషు టీలా ఉంటే "న". మన తెలుగు లిపికి మూలం ఆ బ్రాహ్మీయే. భాష ప్రాకృతం, అందులోనూ తూర్పు మాట కాబట్టి "రాజా" అనే చోట "లాజా" అని ఉంటుంది. "మనుషులందరూ నా బిడ్డలే" అన్న మాట ఈ బండ మీద కూడా ఉంది.

చేయకూడనివి:

- నీళ్లు, నూనె, సుద్ద, పౌడరు పూసి అక్షరాలు తేల్చడం
- కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడం
- వేలితో అక్షరం వెంట గీయడం
- గ్రిల్ ఉంటే దాటి లోపలికి వెళ్లడం

రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం ప్రకారం 2 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం జాబితాలో పేరు కూడా లేని చిన్న బండల దగ్గర రంగు బొమ్మలు కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా ఉండండి, వాటికి కాపలా ఎవరూ లేరు. దూరం నుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, దగ్గర్నుంచి ఒకటి ఫోటో తీయండి. కొలత తెలియడానికి స్కేలుని రాయికి ఆనకుండా పక్కన పట్టండి. కచ్చితమైన లొకేషన్ అందరికీ పెట్టొద్దు, జిల్లా పేరు చాలు. మరుసటి వారమే ఎవరో పేర్లు చెక్కేసి ఉంటారు.

9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి విరుగుడు

టార్చి ఆరిపోయింది: కదలొద్దు, కూర్చోండి, రెండోది తీయండి. ఎవరికైనా రెండోదీ ఆరిపోతే అక్కడితో ప్రయాణం ముగిసినట్టే.

దారి తప్పామనిపించింది: అందరూ ఒకేచోట ఉండండి. ఫోటోలు చూసుకోండి. తెలియని సందుల్లో ఒక్కొక్కరూ వెతకడానికి పోవద్దు. ఒక దీపం తప్ప మిగతావి ఆర్పి ఈల వేస్తూ ఉండండి. చెప్పిన టైముకి ఫోన్ రాకపోతే సాయం వస్తుంది, అందుకే నాలుగో భాగంలో చెప్పిన ఆ మెసేజ్.

పాము కరిచింది: తాడుతో కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు తీసేయండి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకి కట్టండి, టైము చూసుకోండి, మోసుకుని బండి దాకా తేండి. నాటు మందు దగ్గర ఆగకుండా విరుగుడు సూది ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. కొరాపుట్ వైపు వాళ్లకి శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, గంజాం వైపు వాళ్లకి బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఉన్నాయి. దారి ముందురోజే చూసుకోండి.

ఒకరు భయపడి బిగుసుకుపోయారు: నవ్వొద్దు, లాగొద్దు. పక్కన కూర్చుని నెమ్మదిగా ఊపిరి లెక్కపెట్టించి, వచ్చిన దారినే తీసుకురండి. మిగతావాళ్లు కూడా వెనక్కి రావాలి.

10. బయటికొచ్చాక

తలలు లెక్కపెట్టుకోండి. చెత్తంతా, అగ్గిపుల్లతో సహా, సంచిలో వేసుకోండి. గుహలో వేసుకున్న బట్టలు, బూట్లు ఇంకో గుహకి వెళ్లేముందు బాగా ఉతకాలి.

ఊళ్లోకి వెళ్లి తిరిగొచ్చామని నాయక్‌కి చెప్పండి. చోడి (రాగి) అంబలి ఇస్తే తాగండి, ఆ ఎండలో అంతకంటే మంచిది లేదు.

రెండు మూడు వారాల్లోపు చలిజ్వరం వస్తే మలేరియా పరీక్ష చేయించుకోండి, ఏ ఊరి అడవికి వెళ్లారో డాక్టరుకి తప్పకుండా చెప్పండి. విడవని దగ్గు వస్తే గబ్బిలాలున్న గుహకి వెళ్లిన సంగతి చెప్పండి. మీరు చెప్పకపోతే వాళ్లకి తట్టదు.

సిగ్నల్ తగలగానే మొదటి ఫోన్ ఇంటికి. ఫోటోలు పంపడం ఆ తర్వాత.